దేని మీద పెట్టి గీసింది?

కిందటి వారం ధరణిని మనం యూనివర్సిటీ ఎలక్ట్రానిక్స్ డిపార్ట్‌మెంటు స్టోర్ రూములో, దుమ్ము మధ్య, చేతిలో ఒక రేకు గొట్టంతో వదిలేసి వచ్చాం. పాపం, ఆ దుమ్ముకి ఇవాళ్టికీ తుమ్ముతూనే ఉంది. అయినా మొహంలో వెలుగు మాత్రం తగ్గలేదు. వెతికీ వెతికీ ఇక లేదనుకున్నది దొరికితే ఎవరికి మాత్రం సంతోషం ఉండదు?

గొట్టంలో చుట్టచుట్టి ఉన్నవి ఆరు ఫిల్ము షీట్లు. ఆమె తండ్రి ప్రొఫెసర్ అచ్యుతరామయ్య గారు ఇరవై నాలుగేళ్ళ కిందట తయారు చేసిన చిప్ తాలూకు నక్షాలు అవి. పట్టాల మీద వెళ్ళే బండి ఇరుసులు లెక్కపెట్టే చిప్ అది. లోపలికి ఎన్ని ఇరుసులు వెళ్ళాయి, బయటికి ఎన్ని వచ్చాయి అని చూసి, రెండూ సరిపోతేనే లైను ఖాళీ అని సిగ్నలుకి చెబుతుంది. అప్పట్లో నలభై ముక్కలు చేయించి, పరీక్షించి, శభాష్ అనేసి, అందరూ కలిసి దాన్ని మరిచిపోయారు. ఇప్పుడు బెంగుళూరు కంపెనీ ఒకటి వచ్చి ఆ పాత చిప్పే మళ్ళీ చేస్తామంటోంది. పాత సిగ్నల్ పెట్టెలు ఇంకా వాడుతున్న దేశాలు ఉన్నాయట.

చేయాలంటే హక్కు ఎవరిదో తేలాలి కదా. అక్కడే వకీలు ధరణికి పని పడింది. సర్క్యూట్ మీద తీసుకున్న పేటెంటు పద్నాలుగేళ్ళు బతికి ఎప్పుడో పోయింది. కాపీరైటు అంటారా, అది కాగితం మీద గీతని కాపాడుతుందే గాని, ఆ గీత చూసి చిప్ చేసుకునేవాడి చెయ్యి పట్టుకోలేదు. మిగిలింది ఒక్కటే. చిప్ లోపల ఏ భాగం ఎక్కడ కూర్చోవాలన్న అమరికని లేఅవుట్ అంటారు. దానికి విడిగా ఒక చట్టం ఉంది, పదేళ్ళ రక్షణ ఉంది. అమ్మకానికి వచ్చి రెండేళ్ళు దాటితే రిజిస్టరు చేయరు. మన చిప్ అసలు అమ్ముడే పోలేదు గనక, ఆనాటి దురదృష్టం ఈనాటికి అక్కరకొచ్చింది. దరఖాస్తులో 'సృష్టికర్త' అన్న గడిలో తండ్రి పేరు రాసి, 'ఇది నాకు తెలిసినంతవరకు నిజం' అని అడుగున వకీలుగా తను సంతకం పెడితే సరి. ఆ సంతకం ఒక్కటే మిగిలింది.

డబ్బై మూడేళ్ళ అచ్యుతరామయ్య గారికి ఈ వ్యవహారంలో కావలసింది ఆ గడిలో తన పేరు, అంతే. ఆ సంగతి ధరణికి తెలుసు. తండ్రి అంటే ఆమెకి ఎంత గురి అంటే, రెండు వారాల కిందట క్యాంపస్‌లో ఎవరో కుర్రాడు "మీ ఆంధ్రోళ్ళంత దోసుకున్నోళ్ళే" అంటే, నలుగురి ముందూ నిలబడి, "మా నాన్న డిపార్ట్‌మెంటు గుండుసూది కూడా ఇంటికి తేలేదు, తెలుసా?" అని కడిగేసింది.

సరే, ఇక ఈ వారం కథలోకి వద్దాం.

సకల జనుల సమ్మె మూడో వారంలో పడింది. బస్సుల్లేవు, బడుల్లేవు, కోర్టుల్లో నల్లకోట్లు కూడా రోడ్డు మీదే ఉన్నాయి. యూనివర్సిటీ గేటు పక్కన దీక్షా శిబిరంలో డిపార్ట్‌మెంటు ల్యాబ్ టెక్నీషియన్ పరుశురాం మెడలో దండ వేసుకుని కూర్చున్నాడు. స్టోర్ రూము తాళం తీసి గొట్టం వెతకనిచ్చిన పుణ్యాత్ముడు అతనే. ధరణి వెళ్ళి షీటు మూల ఉన్న నాలుగు డబ్బాలు చూపించింది. రైల్వే డ్రాయింగ్ ఆఫీసు పద్ధతి అది. గీసినవారు, ట్రేస్ చేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మొదటి డబ్బాలో అచ్యుతరామయ్య గారి సంతకం. రెండో డబ్బాలో గుండ్రటి తెలుగు అక్షరాలు: సారలమ్మ.

"ఈవిడ ఎవరో తెలుసా పరుశురాం? కంపెనీ వాళ్ళ లాయర్లు పేచీకోరులు. రేపు ఈ పేరు ఎవరిదని అడుగుతారు. ట్రేసింగ్ మాత్రమే చేశానని ఒక ముక్క రాయించుకుంటే పీడా వదిలిపోతుంది."

"సారలమ్మత్త ఎవలికి తెల్వదు మేడం! మా లాలాగూడనే. రైల్వేల ట్రేసర్ చేసి రిటైరయింది. కిరాణం దుకాణం ఎనక గల్లీ, నీలం తలుపు." అని ఒక క్షణం ఆగి, "మీ నాయినను అడగొచ్చు గద, ఆయనకు బాగ ఎరుకే" అన్నాడు.

నిజమే. నిన్న అడిగింది కూడా. అచ్యుతరామయ్య గారు పేపరు మడిచి, "ఆవిడ ఎప్పుడో ఊరు వెళ్ళిపోయి ఉంటుందమ్మా, వదిలెయ్" అన్నారు. మన ధరణి ఒకటి వదిలెయ్యమంటే వదిలే రకమా? తార్నాక చౌరస్తాలో ఆటో కోసం పది నిమిషాలు చూసి, ఇది అయ్యే పని కాదని, గొట్టం చంకన పెట్టుకుని నడక మొదలుపెట్టింది.

*

నీలం తలుపు తెరిచే ఉంది. అరవై దాటిన మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, గడప లోపల చాప మీద కూర్చుని మెంతికూర ఆకులు గిల్లుతోంది. ధరణి పేరు చెప్పింది, తండ్రి పేరు చెప్పింది. ఆ పేరు వినగానే సారలమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది.

"అచ్చుతరామయ్య సారు బిడ్డవా! కూసో బిడ్డా, కూసో. సారు మంచిగున్నడా? గప్పుడు నువ్వు గింతంత ఉంటివి. జర నీళ్ళు తాగు, ఎండల వడి వొచ్చినవు."

ఇంత ఆదరణ చూసి ధరణికి పని సగం అయిపోయినట్టే అనిపించింది. ఫోను శబ్దం ఆపి సంచిలో వేసుకుని, వచ్చిన పని చెప్పి, టైపు చేయించి తెచ్చిన కాగితం చేతికిచ్చింది. సారలమ్మ దాన్ని వెలుగులోకి పట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివింది. అయ్యాక మళ్ళీ మొదటికి వెళ్ళి చదివింది.

"బిడ్డా, దీంట్ల ఒగ మాట నాకు సమజైతలేదు."

"ఏ మాటండీ?"

"'ప్రొఫెసర్ గారు గీసిన అసలు డ్రాయింగు మీద ఉంచి నేను ట్రేస్ చేశాను' అని రాసినవు. గా అసలు డ్రాయింగ్ ఏది?"

"నాన్నగారి దగ్గర ఉండే ఉంటుందండీ. లేదంటే ఇన్నేళ్ళలో పోయి ఉంటుంది."

"పోతే పోనీ. నువ్వు ఎన్నడన్న చూసినవా?"

"లేదండీ."

"మీ నాయిన చూపిచ్చిండా?"

"అడగలేదు" అంది ధరణి. అడగాల్సిన ప్రశ్న అని తట్టనే లేదు మరి. డబ్బాలు ఉన్నాయి, డబ్బాల్లో సంతకాలు ఉన్నాయి. సంతకం ఉన్న చోట ఇంకేం అడుగుతారు?

సారలమ్మ కాగితం చాప మీద పెట్టింది. కోపమేమీ లేదు. చిన్నపిల్లకి లెక్క చెప్పే ధోరణిలో మొదలుపెట్టింది.

"ట్రేసింగ్ అంటే ఏంది బిడ్డా? కింద ఒగ కాయితం ఉండాలె. దాని మీద ట్రేసింగ్ బట్ట పరవాలె. కింద గీత ఎట్లున్నదో గట్లనే మీదికి ఎక్కియ్యాలె. పద్దెనిమిదేండ్లు గదే పని చేసిన. కింద కాయితం లేకుంట ట్రేసింగ్ ఎట్లయితది? దేని మీద పెట్టి గీసిన్నంటవు నేను?"

ధరణి నోట వచ్చింది వకీలు జవాబే. "అంటే... నాన్నగారు మీకు కాగితాలేవీ ఇవ్వలేదా?"

"ఇచ్చిండు. పదకొండు కాయితాలు. అన్నీ గుర్తులు. ఏ దానికి ఏది కలవాలెనో ఉన్నది. ఏది ఏడ కూసోవాలెనో లేదు. ఆయన దగ్గర చదువుకునే పోరగాండ్లతోని నాలుగుమాట్ల అవిటిని కూసోబెట్టిచ్చి చూసిండు. ఫ్యాక్టరీ ఓళ్ళు ఇచ్చిన జాగ గింతంత. దాంట్ల పట్టకపాయె. గప్పుడు మా ఆఫీసుల పెద్దసారు నన్ను పిలిచి, యూనివర్సిటీ సారుకు ట్రేసింగ్ చేసి పెట్టు సారలమ్మా అన్నడు. నేను పోయి, కింద పెట్టే కాయితం ఇయ్యిండ్రి సార్ అన్న. మీ నాయిన తల పట్టుకున్నడు. గదే లేదమ్మా అన్నడు."

"అప్పుడు?"

"గప్పుడేంది. ఆ పదకొండు కాయితాలు ఇంటికి తెచ్చుకున్న. గ్రాఫు కాయితాలు, రంగు పెన్సిళ్ళు కొనుక్కున్న. గీ అర్రలనే, కింద పరుసుకొని, ఏడు నెలల ఆదివారాలు కూసున్న. ఆఫీసుల చేద్దునంటే పెద్దసారు ఒప్పుకోడు, రైల్వే పని ఆగుతదంటడు."

ధరణి మనసు ఒక పక్క అదిరిపోతూనే ఉంది, ఇంకో పక్క చట్టం చదువుకున్న బుర్ర తన పని తను చేసుకుపోతోంది. ఉద్యోగంలో భాగంగా చేస్తే యజమానిది అనొచ్చు. ఆదివారాలు, సొంతింట్లో, సొంత పెన్సిళ్ళతో చేస్తే ఎవరిది? ఆ ప్రశ్నకి జవాబు తెలిసి కూడా తెలియనట్టు నటించడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

"సారలమ్మ గారూ, కష్టం మీదే, కాదనను. కాని నాన్నగారు పక్కనుండి చెబుతూ ఉంటే మీరు గీసి ఉంటారు. అవునా?"

"చెప్పిండు. లేదంట లేను. రెండు గీతల నడుమ ఎంత ఎడం ఉండాలె, ఏది దేన్ని తాకొద్దు, కరెంటు ఎటుకెల్లి రావాలె, అన్నీ ఓపిగ్గ నేర్పిండు. మంచి పంతులు మీ నాయిన. అబద్ధం ఎందుకు చెప్పాలె?"

ధరణికి కాస్త ఊపిరి వచ్చింది. గొట్టంలోంచి పెద్ద షీటు తీసి చాప మీద పరిచింది. తన దగ్గర గట్టి సాక్ష్యమే ఉందని ఆమె నమ్మకం. ఈ అమరిక మొత్తంలో కంపెనీవాళ్ళు మెచ్చుకున్నది, కొత్తదనం అంటే ఇదీ అని దరఖాస్తులో ఏడో పేరాలో రాసుకున్నది ఒక విషయం ఉంది. ఈ చిప్‌లో ఇరుసులు లెక్కపెట్టే భాగాలు రెండు. రెండూ విడివిడిగా లెక్కపెట్టి, చివర్లో సరిచూసుకుంటాయి. మామూలుగా ఎవరైనా అలాంటి రెండింటినీ పక్కపక్కనే పెడతారు, తీగలు కలిసొస్తాయని. ఇందులో ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల ఉన్నాయి. తండ్రి ఈ సంగతి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

"ఈ రెండు భాగాలూ ఇంత దూరంగా పెట్టాలన్న ఆలోచన నాన్నగారిదే కదండీ?"

"ఎందుకు దూరం పెట్టిండట?"

ధరణి దరఖాస్తు నకలు తీసి చదివింది. "'ఒక భాగంలో పుట్టిన వేడి రెండో భాగాన్ని తాకకుండా, వాటిని ఎదురెదురు మూలల్లో అమర్చితిని.'"

సారలమ్మ ఒక్కసారిగా నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"వేడా! అయ్యో సారూ!" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నీ కాలు మొక్కుత బిడ్డా, ఏమనుకోకు, నవ్వాగలే. మా ఆయన చంద్రయ్య, ఉన్నప్పుడు, మౌలాలి యార్డుల గూడ్సు బండి డబ్బాల నంబర్లు రాసుకునే నౌకరి చేస్తుండె. గూడ్సు బండి వొచ్చి ఆగంగనే ఇద్దరు పోతరు. ఒగలు ఇంజను దిక్కుకెల్లి, ఒగలు గార్డు డబ్బ దిక్కుకెల్లి. ఎదురెదురు నడుసుకుంట లెక్కపెడ్తరు. ఎందుకో ఎరుకేనా?"

ధరణి తల అడ్డంగా ఊపింది.

"పక్కపక్కన నడిస్తె ముచ్చట వెడ్తరు. ఒగడు తప్పితె ఇంకోడు గూడ గదే తప్పుతడు. రెండు లెక్కలు కలుస్తయి. కని రెండూ తప్పే. అదే ఎదురెదురు పోతె ఒగలి తప్పు ఇంకొగలికి అంటదు. ఉట్టిగనె దొరికిపోతది. మా ఆయన రోజు చెప్తుండె గీ ముచ్చట. మీ నాయిన పోరగాండ్లు రెండు లెక్కలను ఆనిచ్చి పెట్టిండ్రు. నేను చూసి, సార్, గిట్ల పెడితె ఒగ దెబ్బకు రెండూ ఒగ తీరుగనె చెడిపోతయి, తప్పూ తప్పూ కలిసి లైను ఖాళీ అంటది అన్న. బండి నిలవడి ఉండంగ ఖాళీ అంటె ఎట్ల? అందుకని ఒగదాన్ని గీ మూలకు తెచ్చిన, ఒగదాన్ని గా మూలకు కొంటవొయిన. చూడు. గీడికెల్లి ఒగటి మొదలువెడ్తది. గాడికెల్లి ఒగటి మొదలువెడ్తది. మా ఆయన, ఆయన దోస్తు."

ఆమె వేలు షీటు మీద ఎడమ చివర నుంచి మధ్యకి నడిచింది, తర్వాత కుడి చివర నుంచి మధ్యకి నడిచింది. ధరణి ఆ వేలునే చూస్తోంది. రెండో భాగం దూరంగా ఉండటమే కాదు, పూర్తిగా వెనక్కి తిప్పి ఉంది. మొదటిది ఎడమ నుంచి కుడికి సాగితే, అది కుడి నుంచి ఎడమకి సాగుతోంది. వారం రోజులుగా ఈ షీటు చూస్తూ కూడా ఆమె గమనించలేదు. వేడి కోసమే అయితే దూరం పెడితే చాలు. తిప్పి పెట్టాల్సిన పనేముంది?

నలభై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి, తన చిప్‌లో తన అమరిక ఎందుకు అలా ఉందో తనకే తెలియని మనిషి, ఆ మనిషి తన తండ్రి. తెలియనిది తెలియనట్టు ఊరుకోక, వేడి అని ఒక కారణం అల్లి, ఇరవై నాలుగేళ్ళు అదే చెప్పుకుంటూ వచ్చారు. తను నమ్మింది. నమ్మడమేమిటి, టైపు కొట్టించింది.

బయట గల్లీలో ఊరేగింపు వెళుతోంది. జై తెలంగాణ అని పిల్లల గొంతులు, పెద్దల గొంతులు కలిసి వినిపించాయి. గుండుసూది కూడా తేలేదని తను కేకలేసిన రోజు ధరణికి గుర్తొచ్చింది.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారండీ?" ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "మొదటి డబ్బాలో సంతకం మీరెందుకు పెట్టలేదు?"

"ట్రేసర్ గ్రేడోళ్ళు మొదటి డబ్బల చెయ్యి పెట్టొద్దు బిడ్డా. పెడితె మెమో ఇస్తరు. నా డబ్బ రెండోది. నేను నా డబ్బల పెట్టిన. మొదటిది ఖాళీ ఇడిసిన. వారం దినాలకు చూస్తె మీ నాయిన సంతకం ఉన్నది." సారలమ్మ మెంతికూర పళ్ళెం దగ్గరికి లాక్కుంది. "గప్పుడు నాకు తప్పనిపియ్యలే. నిజం చెప్తున్న. నాకే అనిపియ్యలేదు. సారు సారే, ట్రేసర్ ట్రేసరే గద అనుకున్న. మీది ఆంధ్ర, మాది తెలంగాణ అని అంటలేను. మా వరంగల్ ఆఫీసరున్నా గా డబ్బల గదే పని చేసేటోడు. గిన్నేండ్లకు, రిటైరయి ఇంట్ల కూసున్నంక, ఒగ్గొగ్గసారి అనిపిస్తది. నా పని నేను ఎన్నడు నాదని అనలేదే అని."

"ఇప్పుడు... ఇప్పుడు మీకేం కావాలి?"

"నువ్వొచ్చి అడిగెదాంక ఏం వద్దనుకున్న." ఆమె ధరణి తెచ్చిన కాగితాన్ని మడతల మీద మడిచి తిరిగి చేతిలో పెట్టింది. "కని దీని మీద మాత్రం సంతకం పెట్ట. ఒగసారి అంత నేనే గీసి గూడ ట్రేసర్ డబ్బల పెట్టిన. రెండోసారి పెట్ట. సారును అడిగిన్నని చెప్పు. అన్నం తినిపో బిడ్డా, మొకం గుంజుకపోయింది."

*

అన్నం తినలేదు. ఎలా నడిచి వచ్చిందో కూడా ధరణికి సరిగా గుర్తు లేదు. తార్నాకలో తమ ఫ్లాటు మెట్లు ఎక్కేటప్పటికి మూడు దాటింది. తలుపు తీసిన తల్లి కామాక్షి కూతురి మొహం చూసి "ఏమైందే?" అంది. ధరణి ఆమెని దాటి హాల్లోకి వెళ్ళింది.

అచ్యుతరామయ్య గారు ఇస్త్రీ చొక్కాలో, వాలుకుర్చీలో, మంచి హుషారుగా ఉన్నారు. టీపాయ్ మీద తాగేసిన కాఫీ కప్పులు రెండు ఉన్నాయి.

"రా అమ్మా! నీకోసమే చూస్తున్నాం. ఫోనేమైంది నీది?"

"నాన్నా, ఒక్కటి అడుగుతాను, జవాబు చెప్పండి. సారలమ్మ గారు దేని మీద పెట్టి ట్రేస్ చేశారు?"

ఆయన మొహంలో హుషారు ఉన్నది ఉన్నట్టే ఒక క్షణం ఆగిపోయింది. "ఊళ్ళోనే ఉందా ఆవిడ?"

"లాలాగూడలో ఉంది. మీరు కుశలమేనా అని అడిగింది. దేని మీద పెట్టి చేసింది?"

"నా డ్రాయింగ్ మీదే. ఇంకదేని మీద?"

"ఆ డ్రాయింగ్ చూపించండి."

"ఇరవై నాలుగేళ్ళ నాటి కాగితం ఇప్పుడు తెమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తాను? కోర్టులో ముద్దాయిని అడిగినట్టు అడుగుతావేమిటే?"

"సరే, అది వదిలేయండి. రెండో లెక్క భాగం ఎందుకు వెనక్కి తిప్పి ఉంది?"

క్లాసులో ఎంత తలతిక్క ప్రశ్న వేసినా తడుముకోకుండా జవాబు చెప్పేవారని ఆయనకి పేరు. ఆయన నోరు తెరిచారు. కళ్ళు పైకెత్తి, సీలింగ్ ఫ్యాన్ వైపు చూసి, మళ్ళీ నోరు మూసుకున్నారు. కామాక్షి వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"మౌలాలి యార్డులో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నడిచి బండి లెక్కపెట్టేవాళ్ళట నాన్నా. ఒకడి తప్పు ఇంకొకడికి అంటకుండా. అందుకని తిప్పింది ఆవిడ."

అచ్యుతరామయ్య గారి పెదవులు కదిలాయి. "ఎదురెదురుగా..." అన్నారు నెమ్మదిగా. "అందుకా?" అన్నారు. అదేమిటో, ఆ క్షణంలో ఆయన మొహంలో దొంగ కనబడలేదు. ఇన్నేళ్ళూ తెలియని జవాబు తెలుసుకున్న విద్యార్థి కనబడ్డాడు. అది చూసి ధరణికి ఏడుపు ముంచుకొచ్చింది.

"అయితే నిజమేనన్నమాట. ఆవిడే గీసింది."

"గీసింది. కాని సర్క్యూట్ నాది ధరణీ! నేను లేకపోతే ఆవిడ గీసేదా? నేర్పింది ఎవరు?"

"సర్క్యూట్ మీదే. దానికి పేటెంటు వచ్చింది, మీ పేరుతోనే వచ్చింది. ఇది సర్క్యూట్ గురించి కాదు, అమరిక గురించి. ఈ గడి ఆవిడది."

"నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను" అన్నారాయన. "నా పుస్తకాలు ఎవరూ చదవడం లేదు. నా ల్యాబు గోదాం అయిపోయింది. నా పేరు మీద ఈ భూమ్మీద మిగిలేది అదొక్కటేనమ్మా."

ధరణి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూలబడింది. తండ్రి మీద కోపం, జాలి, అసహ్యం, ప్రేమ అన్నీ ఒకేసారి వస్తే మనిషి ఏం చేస్తుంది? ఆమె మాత్రం వకీలు చేసే పని చేసింది.

"దరఖాస్తు మారుస్తాను నాన్నా. సృష్టికర్త గడిలో సారలమ్మ గారి పేరు రాస్తాను. మీ సర్క్యూట్ సంగతి, మీరు నేర్పిన సంగతి విడిగా గౌరవంగా రాస్తాను. కాదంటారా, నేను సంతకం పెట్టను. నా సంతకం లేకుండా అది కదలదు."

అచ్యుతరామయ్య గారు భార్య వైపు చూశారు. కామాక్షి చూపు తిప్పుకుని, టీపాయ్ మీది కప్పులు రెండూ తీసుకుని, తీసుకున్నచోటే నిలబడింది.

"ఎవరొచ్చారమ్మా?" అంది ధరణి, ఆ కప్పుల్ని అప్పుడే చూసినట్టు.

"శశిభూషణే, కంపెనీ అతను" అంది కామాక్షి. "ఎల్లుండి రావలసినవాడు. రేపట్నుంచి ఆటోలూ, కార్లూ కూడా బంద్ అని ఎవరో చెబితే హడావుడిగా ఇవాళే దిగాడు. నీకు ఎన్నిసార్లు చేశామో. నువ్వు ఎత్తలేదు."

"వచ్చి?"

జవాబు అచ్యుతరామయ్య గారు చెప్పారు. ఆయన కూతురి వైపు చూడకుండా, తన చేతివేళ్ళ వైపు చూసుకుంటూ చెప్పారు.

"కాగితాలు తీసుకెళ్ళాడమ్మా. అయిదింటి విమానంలో ఢిల్లీ వెళుతున్నాడు, రేపు పొద్దున్నే దాఖలు చేస్తాడు. నీ సంతకం ఒక్కటే తక్కువైంది. చిన్నప్పట్నుంచి చూస్తున్నదే కదా నీ సంతకం." ఆయన ఆగారు. "లోపలి గదిలోకి తీసుకెళ్ళి నేనే పెట్టేశాను."

కామాక్షి కప్పులు మళ్ళీ టీపాయ్ మీద పెట్టేసింది.

ధరణి గోడ గడియారం చూసింది. మూడున్నర. సంచిలోంచి ఫోను తీస్తే పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. వాటిలో నాలుగు శశిభూషణ్‌వి. ఒక్క మాట చెబితే ఆ కాగితాలు ఆగిపోతాయి: ఆ సంతకం నాది కాదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక, డబ్బై మూడేళ్ళ అచ్యుతరామయ్య గారు దొంగ సంతకం పెట్టిన మనిషి అవుతారు. కంపెనీ ఊరుకోదు, చట్టం అసలే ఊరుకోదు. చెప్పకపోతే సారలమ్మ చేసిన పని ఆమెది కాదని ప్రమాణం చేసింది ధరణి అవుతుంది.

ఆమె నంబరు నొక్కింది. తండ్రి కుర్చీలోంచి సగం లేచి, "ధరణీ..." అన్నారు. ఆయన గొంతులో అంత భయం ఆమె ఎన్నడూ వినలేదు.

"హలో, ధరణి గారూ!" అవతల నుంచి శశిభూషణ్ ఉత్సాహంగా పలికాడు. "ఎయిర్‌పోర్టులో ఉన్నాను మేడం. అన్నీ సరిపోయాయి. ఒక్కసారి మీ నోటితో కూడా చెప్పేయండి, ఈ సంతకం మీదే కదా?"